బెల్లమునకు ధర కట్టవలసినది కన్నా, నాలుకా?

బెల్లపు మండికి సరకు తోలుకొనిపోయిన ప్రతి రైతు ఎఱిగిన విషయ మొకటి కలదు. కొనువాడు దిమ్మెను చేతికెత్తుకొని, యొక మూల చిదిపి, వెలుగునకు త్రిప్పి చూచును. పసుపుపచ్చగా మెఱసినచో నొక ధర. గోధుమవన్నెగా నున్నచో నంతకు తక్కువ ధర. నలుపు దిరిగినచో మఱియు తక్కువ ధర. ఇంతయు నర నిమిషములో ముగియును. ఆ చిదిపిన పలుకును నోట వేసికొని రుచి చూచువారు మాత్రము మిక్కిలి యరుదు. తినుటకై చేసిన వస్తువునకు తినకయే ధర కట్టు నీ వింత వాడుక మనలో పాతుకొనిపోయినది. దీనివలన నష్టపడువాడు శ్రద్ధతో పండించి శ్రద్ధతో వండిన చిన్న రైతు. బెల్లమునకు ధర కట్టవలసినది కన్ను గాదు, నాలుక యనియు, ఆ పనిని మన సహకార సంఘమే పూనుకొనవలెననియు మా యభిప్రాయము. అందులకు గల కారణములను సభ్యుల ముందుంచుచున్నాము.

గడచిన మాఘమాసమున పూతలపట్టు ప్రాంతమందలి మన సభ్యు డొకరి గానుగకు మేము పోయితిమి. ఆయనకు చెరకు సాగు రెండెకరములకు మించదు. కొన్నేండ్లుగా రసాయనపు టెరువులను మాని, పశువుల యెరువు, జీవామృతము, వేపపిండి వీనితోనే చెరకును పెంచుచున్నాడు. ఎండుటాకును కాల్చక సాళ్ళ నడుమ పఱచి నేలకు కప్పుగా వాడుచున్నాడు. మొదటి రెండేండ్లు దిగుబడి తగ్గినదనియు, పిదప గొంత కోలుకొన్నదనియు దాచక చెప్పెను. తన బెల్లములో సున్నపు తేటయు బెండకాడల జిగురును తప్ప మఱియే మందును వేయడు. ఆ బెల్లము గోధుమవన్నెగా నుండును.

మేము పోయిననాడు అచట మూడు పళ్ళెములలో మూడు విధముల బెల్లమును పెట్టించితిమి. ఒకటి మండిలో మేలురకమని పేరొందిన పసుపుపచ్చని బెల్లము. రెండవది ఆ సభ్యుని బెల్లము. మూడవది నఱికిన చెరకును మూడు దినములు నిలువ యుంచి యాడిన వేఱొక గానుగది; అది నలుపు దిరిగియుండెను. మేము చూచి చూచి యెంచుచుండగా ఆ యింటి ముదుసలి తల్లి నవ్వి, “కండ్లు మూసుకోని తినండి నాయనా, రంగు గొంతులోకి దిగదు గదా” యనెను. ఆ మాట మాకు సబబుగా తోచెను. ముక్కలను పొడిగా నలిపించి, కన్నులు మూసికొని, ఒక్కొక్క రుచికి నడుమ నీటితో నోరు పుక్కిలించుచు, మా యైదుగురమును వరుసగా రుచి చూచితిమి.

మొదటిది నాలుకపై పడినంతనే చప్పున తీయగానైనది. కాని యా తీపి వెంటనే పోయి, గొంతున నొక చిన్న చుఱుకును, ఉప్పదనమును మిగిల్చెను. రెండవది మెల్లగా కరగెను; తీపితో పాటు పచ్చి చెరకు వాసనయు, కాచిన పాకపు కమ్మదనమును తోచెను; మ్రింగిన పిదప గూడ నోరు తీయగానే యుండెను. మూడవదానిలో తీపి క్రింద పులుపు దాగియుండెను. తుదకు మాడు చేదు తగిలెను. మా యైదుగురిలో నలుగురు రెండవదానినే మేలనిరి. ఒకరు మాత్రము చిన్ననాటినుండి యలవాటైన రుచియగుటచే మొదటిదే బాగున్నదనిరి. ఆయన మాటను గూడ దాచక వ్రాయుచున్నాము. పిమ్మట అల్లము, ఏలకులు వేసి మూటితోను పానకము కలిపించితిమి. నీట కలిసిన పిదప భేదము మఱింత తేటపడెను. రెండవ పానకమే చెంబు మొదట ఖాళీ యయ్యెను.

మండిలో మాత్రము ఈ వరుస తలక్రిందగుచున్నది. ఆ సభ్యుని బెల్లమునకు రెండవ రకపు ధరయే దొరకుచున్నదట. ఒకప్పు డొక కొనుగోలుదారు దాని వన్నెను చూచి, “ఇది సారా కాచువారికా?” యని యడిగెనట. నల్లబెల్లము నాటుసారా బట్టీలకు పోవునను శంక మన ప్రాంతమున లేకపోలేదు. కాని విషము తగులనీయక పంట పండించిన వానిని దొంగసారా వానితో గలిపి చూచుట యెంతటి యవమానమో సభ్యులే తలపోయవలెను.

రుచి యేడనుండి వచ్చుచున్నదో తెలిసికొనినచో, నాలుక చెప్పు మాట గాలిమాట గాదని తెలియును. బెల్లపు రుచి పెనములో మొదలగునది గాదు; పొలములో మొదలగును. చెరకునకు నత్రజని యెరువును నాటిన తొలి మూడు నెలలలోపుననే ముగింపవలెను. ఆశకొలది కోతకు ముందు గూడ యూరియా చల్లినచో గడ లావెక్కునేమో గాని రసము పలుచబడును. పాకము సరిగా గట్టిపడదు. బెల్లము వన్నె తగ్గును. బోరునీరు ఉప్పునీరైనచో ఆ యుప్పు గడలోనికెక్కి, గడనుండి రసములోనికిని, రసమునుండి బెల్లములోనికిని దిగును. కావున తిన్నపుడు తగులు ఉప్పదనము పొలపు నీటి సంగతియు, ఎరువు సంగతియు చెప్పుచున్నది.

ఇక కోత. నఱికిన చెరకును ఒక దినములోపల గానుగ కెత్తవలెను. ఎండలో నిలువయున్న కొలది గడలోని చక్కెర విఱిగి, గట్టిపడని తీపిగా మాఱిపోవును. అట్టి రసముతో వండిన బెల్లము జిగటగా నుండి, తొలకరి గాలి తగులగానే చెమ్మగిల్లి కారును. నోట తగులు పులుపు ఈ నిలువ సంగతి చెప్పుచున్నది.

పిదప పెనము. నూఱు కిలోల చెరకునకు ఇంచుమించు పది కిలోల బెల్లము వచ్చును. తక్కిన బరువంతయు పిప్పిగాను, ఆవిరిగాను, మురికి తెట్టుగాను పోవును. ఈ తెట్టును ఓపికతో తీయుటయే వంటవాని నేర్పు. సున్నపు తేట రసములోని పులుపును విఱుచును. బెండజిగురు మురికిని తనకు పట్టుకొని పైకి తేల్చును. పాకము నూటపదునెనిమిది డిగ్రీల సెంటీగ్రేడు వేడిమికి వచ్చినపుడు దింపవలెను. వేడిమిని కొలుచు సాధనము లేని గానుగలలో పాకపు చుక్కను చన్నీట వేసి, వ్రేళ్ళకు గట్టి యుండగా కుదిరినపుడు దింపుదురు. ఆ క్షణము దాటినచో మాడు చేదు. ముందే దింపినచో మెత్తదనము. సున్నము మితిమీఱినను వన్నె నలుపగును, రుచి చెడును. ఈ తప్పులన్నిటిని నాలుక పట్టుకొనును. కన్ను మాత్రము వన్నె నొక్కటినే చూచును. ఆ వన్నెను మార్చుట బహు సులభము.

ఆ సులభమైన మార్గమే “హైడ్రోసు” అను తెల్లని పొడి. సోడియము హైడ్రోసల్ఫైటు దాని పూర్తి పేరు. బట్టల రంగు విఱుచుటకు గూడ దీనిని వాడుదురు. కాగుచున్న రసములో నొక పిడికెడు వేసినచో నల్లని పాకము చూచుచుండగనే పచ్చబడును. మురికి పోలేదు, మురికి రంగు మాత్రమే మాఱినది. పైన పటారము, లోన లొటారము. ఆ పొడివలన గంధకపు శేషము బెల్లములో మిగులును. కిలో బెల్లములో గంధక ద్వియామ్లజనిదము 70 మిల్లీగ్రాములు దాటరాదని మన దేశపు ఆహార నిబంధనలు శాసించుచున్నవి. పిడికెడు కొలతగా వేయు గానుగలో ఈ మితిని ఎవరు లెక్కింపగలరు? ఉబ్బసము గలవారికి గంధకపు శేషము కొందఱిలో ఆయాసమును రేపునని వైద్యులు చెప్పుదురు. పైగా నా పచ్చదనమైనను నిలుచునది గాదు. కొన్ని మాసములు నిలువయున్న పిమ్మట హైడ్రోసు బెల్లము మరల నల్లబడును. అప్పటికి రైతు చేతికి డబ్బు వచ్చియుండును, మండివాని చేయి దాటియుండును. నష్టము తుదకు తినువానిది.

ఇంత వ్రాసితిమని హైడ్రోసు వేయు రైతును దూషింపబోము. అతడు దానిని వేయుట రుచి కొఱకు గాదు, కేవలము ధర కొఱకు. లెక్కకు కిలోకు నాలుగు రూపాయల భేదమే యున్నదనుకొందము. ఎకరమునకు ముప్పదియైదు టన్నుల చెరకు పండి, మూడున్నర టన్నుల బెల్లమైనచో, ఆ భేదము పదునాలుగు వేల రూపాయ లగును. పిల్లవాని కళాశాల రుసుమో, బోరు మోటారు బాగుచేయించు ఖర్చో అంతలో నున్నది. ఆ మొత్తమును వదలుకొని “నేను మందు వేయను” అనుట ఒంటరి రైతునకు వీరవ్రతమే గాని వ్యవసాయము గాదు. అందఱును వీరులై యుండవలెనని కోరు సంత నిలువదు. సంత పద్ధతిని మార్చినచో వీరుడు గాని సామాన్య రైతు గూడ మంచి బెల్లమును వండును.

ఇట్టి పోరు మన యొక్కరికే వచ్చినది గాదు. ఫ్రాన్సు దేశమున షాంపేను అను నాడు కలదు. అచటి ద్రాక్షలతో నురుగు గల సారాయ మొకటి చేయుదురు. మేము పానమును ప్రోత్సహించుటకు ఈ మాట వ్రాయుటలేదు. మన సభ్యులలో ననేకులు దానిని ముట్టరనియు నెఱుగుదుము. ఆ రైతుల కథ మాత్రము మనకు పాఠముగా నున్నది. ఆ నాటి ద్రాక్షతోటలలో నధికభాగము చిన్న రైతులవి. సీసాలలో నింపి పేరు పెట్టి యమ్మువారు మాత్రము పెద్ద వర్తకులు. పురుగు తెగులుతోను, వరుస కఱవులతోను రైతులు కుములుచుండగా, వర్తకులు కొందఱు వేఱు సీమల సరకును చౌకగా తెచ్చి, షాంపేను పేరుతోనే యమ్మసాగిరి. 1911 ఏప్రిలులో ఆయి అను నూరిలో రైతులు తిరుగబడి వర్తకుల గృహములను తగులబెట్టిరి. అదే 1911 ఏప్రిలు 1వ తేదీన మన చిత్తూరు జిల్లా యేర్పడినదని సభ్యులు గుర్తింతురుగాక.

మంటలతో ధర పెరుగదు. వారికి మేలు చేసినది పిదప వచ్చిన కట్టుబాటు. 1927లో చట్టము ద్వారా ఏయే గ్రామముల ద్రాక్షకు ఆ పేరు చెల్లునో నిర్ణయమైనది. 1936లో ఆ పేరునకు ప్రభుత్వ రక్షణ స్థిరపడినది. క్రమముగా చిన్న రైతులు తమ ద్రాక్షను తామే సీసాలకెత్తి తమ పేరుతో నమ్మసాగిరి. అట్టి సీసాపై “ఆర్. ఎం.” అను రెండక్షరములును, రైతుల సహకార సంఘపు సీసాపై “సి. ఎం.” అను రెండక్షరములును చిన్నగా వేయుదురు. కొనువాడు ఆ యక్షరములను చూచి, ఇది వర్తకుడు నలుదిక్కుల నుండి కొని కలిపినదా, పండించినవాడు స్వయముగా చేసినదా యని తెలిసికొనును.

ఆ పానీయమును చేయు విధమున గూడ మనకు పనికివచ్చు విషయ మొకటి కలదు. దానిలోని నురుగు బయటనుండి ఊదినది గాదు. మూసిన సీసాలో మధుశిలీంధ్రము తీపిని తిని, వాయువును పుట్టించును. ఆ వాయువు పోవుటకు దారిలేక రసములోనే కలిసియుండును. సామాన్యరకమును గూడ పదునైదు మాసములైనను నిలువయుంచనిదే యమ్మరాదని వారి నియమము. చివరకు మడ్డిని తీసివేసి మూతవేయునపుడు కొంత పంచదార కలుపుట వాడుక. ఆ తీపి ఎక్కువైన కొలది రసములోని లోపములు మఱుగుపడును. ప్రకృతి పద్ధతిని పండించు చిన్న రైతులలో కొందఱు ఆ పంచదారను బొత్తిగా మానిరి. తమ నేల రుచి తేటగా తెలియవలెనని వారి యుద్దేశము. లోపమును కప్పుట మాని, లోపమే లేకుండ చేసికొనుట వారి మార్గము. మన గానుగలో హైడ్రోసు మానిన సభ్యుడు చేయుచున్నదియు నదియే. భేద మొక్కటే: వారి సరకును కొనువాడు నోట పోసికొని చూచి ధర యిచ్చుచున్నాడు, మన సరకును కొనువాడు కంటితో చూచి ధర తగ్గించుచున్నాడు.

నురుగు మాట వచ్చినది గనుక నొక యింటి పరీక్షను గూడ చెప్పెదము. షాంపేనులో నురుగు గౌరవము. బెల్లపు నీటిలో మాత్రము నురుగు దోషము. కొందఱు బెల్లములో బట్టలసోడాను, సుద్దపొడిని కలుపుదురు. బెల్లమును గాజుగ్లాసెడు నీట కరగించి, కొంతసేపు కదల్చకుండ నుంచినచో సుద్ద యడుగున చేరును. ఆ నీట నిమ్మరసమును పిండినపుడు బుసబుస పొంగినచో సోడాయో సుద్దయో మిక్కిలిగా కలిసినదని యెఱుగవలెను. పొంగనంతమాత్రమున సరకు శుద్ధమని మాత్రము తలపరాదు. కొంచెము కలిపినది ఇంటి పరీక్షకు చిక్కదు. హైడ్రోసు శేషమును తేల్చుటకు ప్రయోగశాలయే శరణ్యము.

మా సూచనకు రాగల యాక్షేపణలను ఇచట విచారింతుము.

“రుచి మనిషి మనిషికి మాఱును, దానితో ధర నెట్లు కట్టుదురు?” అని కొంద ఱనవచ్చును. మా యైదుగురిలోనే యొకరి మాట వేఱైనది గదా! నిజమే. కాని తేయాకు సంగతి చూడుడు. కలకత్తాలో 1861 మొదలు తేయాకు వేలము జరుగుచున్నది. అచట కేవలము ఆకు రంగు చూచి కోట్ల రూపాయల సరకునకు ధర కట్టుటలేదు. శిక్షణ పొందినవారు వరుసగా గిన్నెలలో తేనీటిని కాచి, నోట పోసికొని, గుణదోషములను వ్రాసి ధర సూచింతురు. నాలుకకు శిక్షణ నీయవచ్చును. ఉప్పు, పులుపు, మాడు చేదు, జిగట, వాసన యను నైదింటిని గుర్తించుటకు మన పల్లెలలో నేండ్లకొలది వంట చేసిన తల్లులకు కొత్తగా నేర్పవలసిన దేమున్నది?

“కొనువారికి పచ్చని బెల్లమే కావలెను” అని రెండవ యాక్షేపణ. ఇది నిన్నటివఱకు నిజము. నేడు పట్టణములలో ననేకులు గోధుమవన్నె బెల్లమును వెదకి కొనుచున్నారు. తిరుమలలో 2021 మే నెల మొదలు స్వామివారి నైవేద్యమునకు గో ఆధారిత వ్యవసాయపు సరకులను వాడ మొదలిడిరి. కాని యిచట నొక హెచ్చరిక. గోధుమవన్నెయే గొప్పయని రేపు వాడుక పడినచో, పాకమును మాడ్చి ఆ వన్నెను తెప్పించువారును పుట్టుదురు. పాత కన్ను పచ్చదనమునకు మోసపోయినది. కొత్త కన్ను గోధుమవన్నెకు మోసపోవును. కావున ఒక రంగు బదులు మఱియొక రంగును మెచ్చుకొనుట మా యుద్దేశము గాదు. తిని చూడవలెననియే మా మనవి.

మూడవ యాక్షేపణ అన్నిటికంటె బరువైనది. “మండివాని వద్ద ముందుగా సొమ్ము తెచ్చుకొన్న రైతు సరకును మఱియొక చోటికెట్లు కొనిపోవును? సంఘము రుచి చూచి మెచ్చుకొన్నను అప్పు తీరునా?” దీనికి మెచ్చుకోలు జవాబు గాదు, సొమ్మే జవాబు. సంఘము గిడ్డంగిలో నుంచిన బెల్లముపై ఈడు ఋణ మీయనిచో రుచి పరీక్ష వట్టి వేడుకగా మిగులును. ఇది లేకుండ తక్కిన సూచనలను తలపెట్టవద్దని మేమే చెప్పుచున్నాము.

సహకారమనగానే మన ప్రాంతపు రైతుల మనస్సున మెదలు గాయము నొకటి మఱువరాదు. గాజులమండ్యములోను, చిత్తూరులోను సహకార చక్కెర కర్మాగారములు వెలసి, యెందఱి చెరకునకో దారిచూపి, తుదకు మూతపడినవి. పెద్ద కట్టడము పడినపుడు రైతే క్రింద నలిగెను. చెరకు తీసి మామిడి నాటినవారు పలువురు. కావున మేము మరల పెద్ద కర్మాగారమును కోరుటలేదు. గానుగ రైతుదే, పెనము రైతుదే, పిప్పి రైతుదే. సంఘము చేయవలసినది కొలత, గుర్తు, నిలువ, అమ్మకము, అంతే.

మా సూచనలు నాలుగు.

మొదటిది: పొంగలి పండుగ మొదలు చెరకు ముగియువఱకు నెలకు రెండు మాఱులు సంఘ కార్యాలయమున రుచి పరీక్ష జరుపవలెను. పరీక్షకులు ఐదుగురు, వారిలో నిద్దఱైనను స్త్రీ సభ్యులు కావలెను. సరకు ఎవరిదో చెప్పక సంఖ్య మాత్రమే వేసి, పొడిచేసి పెట్టవలెను. మార్కులను, అభిప్రాయమును పుస్తకమున వ్రాసి, రైతునకు ప్రతి యీయవలెను. ఉప్పన్నచో నీటి పరీక్షకును, పులుపన్నచో కోత వేళను సరిదిద్దుకొనుటకును ఆ ప్రతి పనికివచ్చును. ఇది తప్పుపట్టుటకు గాదు, దిద్దుకొనుటకు.

రెండవది: మందు వేయలేదని చెప్పిన ప్రతి లాటునుండియు నమూనా తీసి, గుర్తింపు పొందిన ప్రయోగశాలకు సంఘపు ఖర్చుతో పంపవలెను. అందుండి యొక దిమ్మెను సంఘమున వానకాలమువఱకు నిలువయుంచి, వన్నె మాఱినదో లేదో సభ్యులందఱి యెదుట చూపవలెను. అబద్ధమాడినవాని సరకు ఆ యేడు సంఘపు గుర్తుతో నమ్మరాదు. ఈ కట్టుబాటు లేనిచో ఒకని మోసము నలుబదిమంది పేరును చెఱచును.

మూడవది: ప్రకృతి పద్ధతిని పండించు సభ్యులు కూడి, పి.జి.ఎస్. ఇండియా పద్ధతిని ధ్రువీకరణ పొందవలెను. ఇందు ఐదుగురు రైతులైనను ఒక స్థానిక బృందముగా కూడి, ఒకరి పొలము నొకరు పరీక్షించుకొందురు. ఒంటరిగా పెద్ద రుసుము చెల్లింపలేని చిన్న రైతునకు ఇది తగిన మార్గము. ఇరుగుపొరుగు కన్నును మించిన కావలి యేది?

నాలుగవది: ప్రతి దిమ్మె పొట్లముపై రైతు సంఖ్య, ఊరు, చెరకు రకము, గానుగ యాడిన తేదీ, పరీక్షకుల మాట యొక వాక్యమున ముద్రింపవలెను. షాంపేను రైతు రెండక్షరములతో సాధించినదానిని మనము ఒక వాక్యముతో సాధింపవచ్చును. అమ్మకము ముగిసిన పిమ్మట మిగులును రుచి మార్కుల ననుసరించి పంచవలెను. తూకమునుబట్టి మాత్రమే పంచినచో మంచి వంటవానికి మరల అన్యాయమే.

వీనికి ప్రారంభమున పెద్ద పెట్టుబడి యక్కఱలేదు. తేమ తగులని యొక గది, ఒక త్రాసు, ఒక పుస్తకము, ఐదుగురు నిజాయితీపరులు చాలును. మొదటి యేడు ఇరువదిమంది సభ్యుల సరకుతో మొదలిడి, తప్పులు తెలిసికొని, రెండవయేడు పెంచుకొనవచ్చును. లాభము వెంటనే రాశులుగా వచ్చునని మేము మాట యీయము. మొదటి యేడు కొంత సరకు పాత మండికే తిరిగి పోవలసి రావచ్చును. అట్లయినను, ఎవరి బెల్లమున ఏ గుణము, ఏ దోషము కలదో పుస్తకమున వ్రాతపూర్వకముగా నుండును. ఆ పుస్తకము మన బేరమునకు బలము.

ఆ పూతలపట్టు సభ్యుడు మేము బయలుదేరునపుడు చెప్పిన మాటతో దీనిని ముగింతుము. “వచ్చే యేడు గూడ ఇదే ధరైతే నేను గూడ మందు వేయక తప్పదు సార్, ఇంట్లో తినేదానికి మాత్రం వేరుగా వండుకుంటాను” అని యాయన తలవంచుకొని పలికెను. తన బిడ్డలకు పెట్టనిదానిని పరుల బిడ్డలకు అమ్మవలసిన గతి యొక మంచి రైతునకు పట్టుట మన సంఘమునకు సిగ్గు గాదా? చెరకు పొలమున పది, పండ్రెండు మాసములు నిలిచి పండును. దానికి అర నిమిషపు చూపుతో తీర్పు చెప్పుట న్యాయము గాదు. రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ విషయమును చర్చకు తేవలెనని పాలకవర్గమును కోరుచున్నాము. సభ్యులును తమ తమ గానుగలనుండి యొక్కొక్క దిమ్మెను వెంట తెత్తురుగాక. కన్నులు మూసికొని యందఱము రుచి చూతము. రైతు బ్రతుకున కింత సంబంధించిన విషయమున సంఘము బెల్లము కొట్టిన రాయివలె ఊరకుండరాదు.